క్యాన్సర్ మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీద పీహెచ్‌డీ: ఏ ప్రశ్న పట్టుకోవాలి, కొలతలు ఎక్కడ మోసం చేస్తాయి?

ప్రశ్న: మాలిక్యులర్ బయాలజీలో పీజీ చేసి, క్యాన్సర్ జన్యుశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరాను. కణితి శాంపిళ్లలో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ బాగా తగ్గినట్టు కనబడింది. దాని టార్గెట్ పట్టుకుని పేపర్ రాయమంటున్నారు. ఈ రంగంలో ఇంకా చేయడానికి ఏమైనా మిగిలిందా? ఏం నేర్చుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాం?

సమాధానం:

చేయడానికి చాలా ఉంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే దాదాపు 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ, అది వేరే జన్యువుల ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుని వాటిని అణిచేస్తుంది. అలా అణిగే జన్యువే దాని టార్గెట్. కాకపోతే "ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఏ కణితిలో తగ్గింది, అది ఫలానా జన్యువును అణిచేస్తుంది, కాబట్టి అది కణితి నిరోధకం" అనే మూడు ముక్కల పేపర్లు ఇప్పటికే వేలకు వేలు ఉన్నాయి. అందులో ఇంకొకటి కలిపితే డిగ్రీ రావచ్చు గానీ, ఆ తర్వాత దాని మీద ఎవరూ ఏమీ కట్టలేరు. అందుకే టార్గెట్ వేటకు ముందు ఒకటి అడగండి: ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏకి క్యాన్సర్‌తో సంబంధం ఉందని జీనోమ్ చెబుతోందా, లేక ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే మీ పీసీఆర్ మెషీన్ ఒక్కటే చెబుతోందా?

ఈ తేడా తెలియాలంటే మిర్-15ఏ, మిర్-16-1ల కథ వివరంగా చూడాలి. లింఫోసైటిక్ లుకేమియాలో దీర్ఘకాలికంగా సాగే రకం, అంటే సీఎల్‌ఎల్, ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి 13వ క్రోమోజోమ్‌లో 13క్యూ14 అనే చోట ముక్క ఎగిరిపోయి ఉంటుంది. అక్కడ కణితి నిరోధక జన్యువు ఉండాలని ఎన్నో ల్యాబ్‌లు ఏళ్ల తరబడి వెతికాయి. ప్రొటీన్ తయారుచేసే జన్యువులను ఒక్కొక్కటే పరీక్షించారు, ఏదీ నిలబడలేదు. 2002లో జార్జ్ కాలిన్, కార్లో క్రోచే బృందం ఎగిరిపోయిన ముక్కల్లో అందరికీ ఉమ్మడిగా పోయిన భాగాన్ని దాదాపు 30 కిలోబేస్‌లకు కుదించింది. ఆ ముక్కలో ఈ రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువులు కూర్చుని ఉన్నాయి. సుమారు 68 శాతం కేసుల్లో అవి పోవడమో తగ్గడమో జరిగింది. 2005లో వాటి టార్గెట్లలో బీసీఎల్2 ఒకటని తేలింది. సీఎల్‌ఎల్ కణాలు చావకుండా మొండికేయడానికి ఆ ప్రొటీనే ముఖ్య కారణం. 2010లో రికార్డో డల్లా-ఫవేరా ల్యాబ్ ఎలుకల్లో ఇదే భాగాన్ని తీసేస్తే వాటికీ సీఎల్‌ఎల్ లాంటి జబ్బు వచ్చింది. వరస చూడండి: ముందు జీనోమ్‌లో గాయం, తర్వాత వ్యక్తీకరణ, తర్వాత టార్గెట్, చివరికి జంతువులో తొలగింపు. ఇరవై ఏళ్లు దాటినా ఈ ఫలితం కదలకపోవడానికి కారణం ఈ వరసే.

ఇందులోనే చాలామందిని బోల్తా కొట్టించే చిన్న చిక్కు ఒకటుంది. మిర్-16 మన జీనోమ్‌లో రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి 13క్యూ14లోని మిర్-16-1, ఇంకొకటి 3వ క్రోమోజోమ్‌లో ఎస్‌ఎంసీ4 జన్యువు ఇంట్రాన్‌లో ఉన్న మిర్-16-2. రెండిటి నుంచీ వచ్చే పరిపక్వ మైక్రో ఆర్‌ఎన్‌ఏ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కాబట్టి 13క్యూ14 పోయిన కణంలో కూడా మిర్-16 పీసీఆర్ "ఉంది" అనే చెబుతుంది. ఆ లోకస్ (జీనోమ్‌లోని ఆ చోటు) సంగతి తెలియాలంటే మిర్-15ఏని, ఇంకా మంచిది రెండు లోకస్‌ల పొడవాటి ప్రైమరీ ట్రాన్‌స్క్రిప్ట్‌లను విడివిడిగా కొలవాలి. మీ మైక్రో ఆర్‌ఎన్‌ఏకి ఇలాంటి కవలలు ఉన్నాయేమో మొదటి రోజే చూసుకోండి.

జన్యు సాక్ష్యం అంటే ముక్క పోవడం ఒక్కటే కాదు. హెచ్‌ఎంజీఏ2 జన్యువు 3ప్రైమ్ యూటీఆర్‌లో, అంటే ప్రొటీన్‌గా మారని చివరి తోకలో, లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ అతుక్కునే చోట్లు ఏడు ఉన్నాయి. కొన్ని కణితుల్లో 12వ క్రోమోజోమ్ విరిగి ఆ తోక ఊడిపోతుంది. ప్రొటీన్ మారదు, లెట్-7 మారదు, వాటి మధ్య బ్రేక్ మాత్రం తెగిపోతుంది. ఇది 2007లో బార్టెల్ ల్యాబ్ చూపింది. హెయిర్‌పిన్‌ను, అంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏ మడతపడి ఉన్న ముందు రూపాన్ని, కోసే ఎంజైమ్ జన్యువు డైసర్1 ఇంకా ఆసక్తికరం. పుట్టుకతోనే ఒక ప్రతి దెబ్బతిన్న పిల్లల్లో ఊపిరితిత్తుల్లో అరుదైన ప్లూరోపల్మనరీ బ్లాస్టోమా రావచ్చని 2009లో తెలిసింది. కణితిలో రెండో ప్రతి పూర్తిగా పోదు. కోత పెట్టే ఆర్‌ఎన్ఏజ్ 3బీ భాగంలో లోహ అయాన్‌ను పట్టుకునే కొద్ది అమైనో ఆమ్లాల్లోనే మ్యుటేషన్ పడుతుంది. ఫలితంగా హెయిర్‌పిన్‌లోని 5పీ (ముందు వైపు) పోగు కోత పడదు, 3పీ (వెనక వైపు) పోగు మాత్రం మామూలుగా వస్తుంది. లెట్-7 కుటుంబం 5పీ వైపుది కాబట్టి అదే ఎక్కువగా నష్టపోతుంది. పిల్లల మూత్రపిండాల్లో వచ్చే విల్మ్స్ కణితిలో, డైసర్ కన్నా ముందు కోత పెట్టే డ్రోషాకూ ఇలాంటి హాట్‌స్పాట్ (మ్యుటేషన్ పదేపదే పడే చోటు) ఉంది. ఇలాంటి చోట ప్రశ్న పట్టుకుంటే ఐదేళ్లు కూర్చుని పనిచేయడానికి తగిన నేల ఉంటుంది.

మీ మైక్రో ఆర్‌ఎన్‌ఏ విషయంలో చేయాల్సింది ఇది. ముందు అది నిజమైన మైక్రో ఆర్‌ఎన్‌ఏనేనా చూడండి. మైక్రో ఆర్‌ఎన్‌ఏల జాబితా అయిన మిర్‌బేస్ 22లో మనిషికి 1,917 హెయిర్‌పిన్‌లు నమోదై ఉంటే, కోత గుర్తులు సరిచూసి చేర్చే మిర్‌జీన్‌డీబీలో 500 పైచిలుకు జన్యువులే ఉన్నాయి. పెద్ద అంకె ఉన్న పేరు, తక్కువ రీడ్‌లు (సీక్వెన్సింగ్‌లో చదివిన ముక్కలు), మిర్‌జీన్‌డీబీలో లేకపోవడం, ఈ మూడూ కలిస్తే దాన్ని వదిలేయమనే నా సలహా. తర్వాత టీసీజీఏ (వేల కణితుల జీనోమ్ సమాచార నిధి) డేటాలో ఆ లోకస్ కాపీ సంఖ్య తగ్గుతోందా, జన్యువును ఆపేసే ప్రమోటర్ మిథైలేషన్ పెరుగుతోందా, పి53 అనే కణితి నిరోధక జన్యువు పోయిన కణితుల్లో పడిపోతోందా (మిర్-34ఏ అలాంటిదే) చూడండి. వారం రోజుల కంప్యూటర్ పని ఇది, ఒక్క రియేజెంట్ ఖర్చు కాదు.

జీనోమ్ ఏమీ చెప్పకపోతే, వెంటనే అనుమానించాల్సింది కణాల మిశ్రమాన్ని. మిర్-143, మిర్-145లను పెద్దపేగు క్యాన్సర్ నిరోధకాలని ఏళ్ల తరబడి రాశారు, ఎందుకంటే కణితిలో అవి ఎప్పుడూ తక్కువే. 2014లో మెండెల్ ల్యాబ్ ఎలుకల్లో చూపించిందేమిటంటే, అవి పేగు ఎపిథీలియం (లోపలి పొర) కణాల్లో దాదాపు లేనే లేవు. ఉన్నదంతా చుట్టూ ఉన్న నునుపు కండరం, ఫైబ్రోబ్లాస్ట్‌ల వంటి మీసెంకైమల్ కణాల్లో. మామూలు పేగు ముక్కలో కండరం ఎక్కువ, కణితి ముక్కలో ఎపిథీలియం ఎక్కువ. ముక్క మొత్తాన్ని రుబ్బి కొలిస్తే "తగ్గింది" అనే వస్తుంది. ఆ తర్వాత క్యాన్సర్ కణాల్లోకి మిర్-145ను బలవంతంగా ఎక్కించి "పెరుగుదల ఆగింది" అంటే, ఆ కణంలో ఎన్నడూ లేనిదాన్ని తెచ్చి పెట్టినట్టే. దీనికి మందు పాతదే: ఎల్‌ఎన్‌ఏ ప్రోబ్‌తో ఇన్ సిటూ హైబ్రిడైజేషన్, అంటే ఆ ఆర్‌ఎన్‌ఏ ఏ కణాల్లో ఉందో కణజాలం మీదే రంగుతో చూడటం. ఒక ప్రోబ్ మీ మైక్రో ఆర్‌ఎన్‌ఏకి, ఒకటి అక్షరాలు చెదరగొట్టిన కంట్రోల్, ఒకటి యూ6 (అన్ని కణాల్లోనూ ఉండే ఆర్‌ఎన్‌ఏ). స్లైడ్‌ను పాథాలజిస్ట్ పక్కన కూర్చుని చూడండి. లేజర్ మైక్రోడిసెక్షన్ అందుబాటులో ఉంటే రెండు రకాల కణాలను విడగొట్టి కొలవండి.

ఇక కొలతలు. ఈ రంగంలో ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

ఆర్‌ఎన్‌ఏ తీయడం దగ్గర మొదలుపెడదాం. మామూలు టోటల్ ఆర్‌ఎన్‌ఏ కాలమ్‌లో 70 శాతం ఇథనాల్ సమపాళ్లలో కలిపితే 200 న్యూక్లియోటైడ్‌లకు లోపలివి కాలమ్‌కు అంటుకోకుండా కిందికి పోతాయి. మీకు కావలసిన 22 న్యూక్లియోటైడ్‌ల ముక్క చెత్త ట్యూబ్‌లో ఉంటుంది. చిన్నవి నిలవాలంటే నీటి పొరకు ఒకటిన్నర రెట్లు శుద్ధ ఇథనాల్ కలపాలి. ట్రైజాల్ (ఫినాల్ ఉన్న, కణాలను కరిగించే ద్రవం) వాడితే 1 మిల్లీలీటరుకు 200 మైక్రోలీటర్ల క్లోరోఫామ్, 12,000 జీ దగ్గర 4 డిగ్రీల్లో 15 నిమిషాలు. పై పొర తీసేటప్పుడు మధ్య పొరకు పైన కాస్త వదిలేయండి, కక్కుర్తి పడితే ఫినాల్ వచ్చి రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్‌ను (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చడాన్ని) పాడుచేస్తుంది. కడగడానికి 75 బదులు 80 శాతం ఇథనాల్ వాడితే చిన్న ఆర్‌ఎన్‌ఏ తక్కువ పోతుంది.

కణాలు తక్కువైతే ఇంకో ప్రమాదం. ట్రైజాల్‌తో తీసేటప్పుడు జీసీ తక్కువున్న కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అవక్షేపం కాకుండా ద్రవంలోనే ఉండిపోతాయి. మిర్-141 దీనికి పేరుపడ్డ ఉదాహరణ. నారీ కిమ్ ల్యాబ్ 2011లో కణాలు అతుక్కుని ఉండటాన్ని బట్టి మిర్-141 క్షీణిస్తుందని ప్రచురించింది. తర్వాత ఆ తేడా కణాల సంఖ్య వల్ల వచ్చిందని తామే కనిపెట్టి, పేపర్ వెనక్కి తీసుకుని, 2012లో అసలు కారణాన్ని ప్రచురించారు. మంచి ల్యాబ్ ఎలా ఉంటుందో దీన్ని చూసి నేర్చుకోవచ్చు. మీ పనికి దీని అర్థం: పోల్చే రెండు గుంపుల్లో కణాల సంఖ్య సమానంగా ఉండాలి. తక్కువుంటే గ్లైకోజన్ లాంటి క్యారియర్ వేసి, ఐసోప్రొపనాల్‌లో రాత్రంతా మైనస్ 20లో ఉంచండి. అనుమానం వస్తే అదే శాంపిల్‌ను పది లక్షలు, లక్ష, పది వేల కణాలతో తీసి చూడండి. ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒక్కో తీరుగా పడిపోతుంటే దోషం తీసే పద్ధతిదే.

పీసీఆర్‌లో స్టెమ్‌లూప్ పద్ధతికి 15 మైక్రోలీటర్ల రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్‌లో 1 నుంచి 10 నానోగ్రాముల టోటల్ ఆర్‌ఎన్‌ఏ చాలు. 16 డిగ్రీలు 30 నిమిషాలు, 42 డిగ్రీలు 30 నిమిషాలు, 85 డిగ్రీలు 5 నిమిషాలు. ఆ ప్రైమర్ చివరి ఆరు అక్షరాలనే పట్టుకుంటుంది కాబట్టి చివర ఒకటి రెండు అక్షరాలు ఎక్కువో తక్కువో ఉన్న ఐసోమిర్‌లను సరిగా చదవదు. పాలీ-ఏ తోక పద్ధతి వాటిని పట్టుకుంటుంది గానీ దగ్గరి బంధువులను విడదీయడంలో తడబడుతుంది. లెట్-7ఏకీ లెట్-7సీకీ తేడా ఒక్క అక్షరమే. కాబట్టి లెట్-7సీ సింథటిక్ ఆలిగోను లెట్-7ఏ పరీక్షలో వేసి ఎంత సిగ్నల్ వస్తుందో ముందే చూసి పెట్టుకోండి. పలచన చేసుకుంటూ పోయి స్టాండర్డ్ కర్వ్ గీస్తే వాలు మైనస్ 3.1కీ మైనస్ 3.6కీ మధ్య ఉండాలి.

యూ6తో నార్మలైజ్ చేయడం (దాన్ని కొలబద్దగా పెట్టుకుని పోల్చడం) అలవాటైపోయింది, మానుకోవడం మంచిది. అది వంద అక్షరాలు దాటిన న్యూక్లియర్ ఆర్‌ఎన్‌ఏ, తయారయ్యే దారే వేరు, తీసేటప్పుడు నడవడికా వేరు. రక్తరసిలో అయితే అసలు పనికిరాదు. ఆర్‌ఎన్‌యూ44, ఆర్‌ఎన్‌యూ48 లాంటి స్నో ఆర్‌ఎన్‌ఏలు రొమ్ము క్యాన్సర్‌లో కణితి లక్షణాలతో పాటే మారతాయని 2011లో చూపారు. మీ శాంపిళ్లలోనే ఏడెనిమిది మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కొలిచి, జీనార్మ్ అనే సాఫ్ట్‌వేర్‌తోనో నార్మ్‌ఫైండర్‌తోనో స్థిరంగా ఉన్న రెండు మూడింటిని ఎంచుకుని వాటి జ్యామితీయ సగటు వాడండి.

రక్తంలో బయోమార్కర్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే, మొదటి శత్రువు చితికిన ఎర్ర రక్తకణం. మిర్-451ఏ, మిర్-16, మిర్-486 ఎర్ర కణాల్లో కుప్పలుగా ఉంటాయి. సూది సన్నదైనా, ట్యూబ్ గట్టిగా కుదిపినా అవి ప్లాస్మాలోకి వచ్చేస్తాయి. మిర్-23ఏ సీక్యూ (పీసీఆర్‌లో సిగ్నల్ కనబడే సైకిల్ సంఖ్య) నుంచి మిర్-451ఏ సీక్యూ తీసేస్తే 7 దాటిందంటే ఆ శాంపిల్ పక్కన పెట్టండి. 414 నానోమీటర్ల దగ్గర శోషణ కూడా చూడండి. కంటికి గులాబీ రంగు కనబడేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. క్యాన్సర్ గుర్తులుగా ప్రచురించిన 79 మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో 46 రక్తకణాల్లో బాగా ఉండేవేనని 2012లో ఒక బృందం లెక్కతేల్చింది. ట్యూబ్ ఈడీటీఏది తీసుకోండి, హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ప్లేట్‌లెట్లు పోవాలంటే రెండుసార్లు తిప్పాలి: ముందు దాదాపు 2,000 జీ, పై ద్రవం తీసి మళ్లీ 10,000 జీకి పైన. ఇది ప్లాస్మాను ఫ్రీజర్‌లో పెట్టక ముందే జరగాలి, కరిగించాక తిప్పితే ప్లేట్‌లెట్లు అప్పటికే పగిలి ఉంటాయి. పురుగు నుంచి తీసుకున్న సెల్-మిర్-39 స్పైక్‌ను (సరిచూసుకోవడానికి మనమే కలిపే ఆర్‌ఎన్‌ఏను) లైసిస్ బఫర్ కలిపిన తర్వాతే వేయండి. ముందే ప్లాస్మాలో వేస్తే అక్కడి ఆర్‌ఎన్ఏజ్‌లు నిమిషాల్లో తినేస్తాయి. ఇంత జాగ్రత్త చేస్తే ఫలితం ఉంటుందనడానికి మిర్-371ఏ-3పీ ఉదాహరణ: వృషణ జెర్మ్‌సెల్ కణితులకు రక్తంలో దాని సున్నితత్వం 90 శాతం దగ్గర ఉంది. మామూలు పెద్దవారి కణజాలంలో దాదాపు లేని మైక్రో ఆర్‌ఎన్‌ఏ కావడమే దాని బలం.

సీక్వెన్సింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. చాలా కిట్లలో సరైన లైబ్రరీ 140 నుంచి 150 బేస్‌ల దగ్గర, అడాప్టర్ డైమర్ (మధ్యలో ఆర్‌ఎన్‌ఏ లేకుండా అతుక్కున్న అడాప్టర్లు) దానికి సుమారు 20 బేస్‌ల కింద వస్తుంది. జెల్ మీద జాగ్రత్తగా కోయకపోతే రీడ్‌లలో సగం డైమరే. లైగేజ్‌కు కొన్ని చివర్లంటే ఇష్టం ఎక్కువ, అందుకే ఒకే శాంపిల్‌లో రెండు వేర్వేరు మైక్రో ఆర్‌ఎన్‌ఏల రీడ్‌లను పోల్చి "ఇది దానికన్నా ఎక్కువ" అనకండి. చివర్లు ర్యాండమ్‌గా ఉన్న అడాప్టర్లు ఈ పక్షపాతాన్ని తగ్గిస్తాయి.

టార్గెట్ నిరూపణ విషయానికొస్తే, 2008లో రెండు బృందాలు వేలాది ప్రొటీన్లను ఒకేసారి కొలిచి చూపినదాని ప్రకారం ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందలాది జన్యువులను కొద్దికొద్దిగా తగ్గిస్తుంది, చాలావాటిలో తగ్గుదల రెండు రెట్లు కూడా ఉండదు. ఒక్క టార్గెట్ మీద కథంతా నడిచిందని చెప్పే ముందు ఇది గుర్తుండాలి. టార్గెట్ యూటీఆర్‌ను వెలుగునిచ్చే జన్యువుకు తగిలించి కొలిచే లూసిఫెరేజ్ పరీక్షలో 20 నుంచి 40 శాతం తగ్గుదల మామూలు. సీడ్‌కు (టార్గెట్‌ను పట్టుకునే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ముందు భాగానికి) ఎదురుగా ఉన్న అక్షరాల్లో రెండు మూడు మార్చిన యూటీఆర్‌లో ఆ తగ్గుదల పోవాలి. ఒకే రోజు మూడు వెల్‌లు మూడు ప్రయోగాలు కావు, వేర్వేరు రోజుల్లో వేర్వేరు పాసేజ్ కణాలతో మూడుసార్లు చేయండి.

మిమిక్ (కణంలోకి ఎక్కించే కృత్రిమ మైక్రో ఆర్‌ఎన్‌ఏ) మోతాదు విషయంలో గట్టిగా చెబుతున్నాను: 100 నానోమోలార్ పోయకండి. కణంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని పనిచేయించే ఆగో2 ప్రొటీన్ పరిమితం. ఎక్కువ పోస్తే లోపల సహజంగా ఉన్న మైక్రో ఆర్‌ఎన్‌ఏలను అది నెట్టేస్తుంది, అవసరం లేని పోగు కూడా ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు చచ్చిన కణాలు మీ టార్గెట్ వల్ల చావలేదు. 1, 5, 20 నానోమోలార్‌లతో మొదలుపెట్టండి. ట్రాన్స్‌ఫెక్షన్ తర్వాత పీసీఆర్ వేల రెట్లు పెరిగిందంటుంది, అందులో ఎక్కువ భాగం ఎండోసోమ్‌లలో ఇరుక్కున్నదే. పనిచేస్తున్నది ఎంతో తెలియాలంటే ఆగో2ను ఇమ్యునోప్రెసిపిటేట్ చేసి అందులో కొలవాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏను అడ్డుకునే ఇన్హిబిటర్ వాడినప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. అది ఆర్‌ఎన్‌ఏతో పాటే వచ్చి ప్రైమర్‌ను అడ్డుకుంటుంది, "90 శాతం తగ్గింది" అన్న పీసీఆర్ అంకెకు అర్థం ఉండదు. సరిగ్గా జతకూడే సైట్ ఉన్న లూసిఫెరేజ్ సెన్సర్ పైకి లేచిందా అని చూడండి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మళ్లీ జన్యువు దగ్గరే. క్రిస్పర్‌తో హెయిర్‌పిన్‌లో డ్రోషా కోసే చోటనో సీడ్‌లోనో కోత పెడితే చిన్న ఇండెల్ (కొన్ని అక్షరాలు చేరడమో పోవడమో) చాలు. చాలా మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఏదో ఒక హోస్ట్ జన్యువు ఇంట్రాన్‌లో ఉంటాయి కాబట్టి ఆ జన్యువు స్ప్లైసింగ్, ప్రొటీన్ చెడలేదని చూపించాలి. ఆ తర్వాత మైక్రో ఆర్‌ఎన్‌ఏను ముట్టుకోకుండా, టార్గెట్ యూటీఆర్‌లోని ఆ ఏడెనిమిది అక్షరాల సైట్‌ను మాత్రమే కణం సొంత జీనోమ్‌లో మార్చండి. రెండు రకాల క్లోన్‌లూ ఒకే లక్షణం చూపిస్తే మీ వాదన నిలబడినట్టే. ఒక్కో మార్పుకు కనీసం మూడు స్వతంత్ర క్లోన్‌లు ఉండాలి, క్లోన్‌కూ క్లోన్‌కూ మధ్య సహజంగానే తేడాలుంటాయి. సెల్‌లైన్‌కు ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాల గుర్తింపు పరీక్ష), మైకోప్లాస్మా పరీక్ష మొదట్లో ఒకసారి, పేపర్ పంపే ముందు ఇంకోసారి.

ఈ రంగంలో అచ్చు పోసినట్టుండే నకిలీ పేపర్లు చాలా దొర్లాయి, అందువల్ల రివ్యూయర్లు ఇప్పుడు అనుమానంతోనే చదువుతారు. జెన్నిఫర్ బర్న్, సిరిల్ లాబే తయారుచేసిన సీక్ అండ్ బ్లాస్ట్ఎన్ లాంటి సాధనాలు పేపర్లోని ప్రతి సీక్వెన్స్‌నూ సరిచూస్తాయి. పాత పేపర్ నుంచి ప్రైమర్ ఎత్తిరాసుకునే ముందు మీరే బ్లాస్ట్ చేయండి, అంటే జీనోమ్‌తో పోల్చి చూడండి. "టార్గెట్ లేని కంట్రోల్" అని రాసిన ఆలిగో నిజానికి ఏదో జన్యువును పట్టుకునే సందర్భాలు చాలానే బయటపడ్డాయి. బ్లాట్‌లు కత్తిరించకుండా మొత్తం దాచుకోండి.

కెరీర్ గురించి అడిగారు. 1993లో ఆంబ్రోస్, రవ్‌కున్ పురుగులో కనిపెట్టినదానికి 2024లో నోబెల్ వచ్చింది, కాబట్టి అందరి చూపూ మళ్లీ ఇటు మళ్లింది. కానీ మందుల దారి అంత నున్నగా లేదు. మిర్-34ఏ మిమిక్‌ను లైపోసోమ్‌లో పెట్టి ఇచ్చిన ఎంఆర్‌ఎక్స్34 ట్రయల్ 2013లో మొదలై, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన తీవ్ర దుష్ప్రభావాలతో 2016లో ఆగిపోయింది. అందుకే "మైక్రో ఆర్‌ఎన్‌ఏ నిపుణుడు" అనే ఒక్క ముద్రతో బయటికి రాకండి. ఆర్ భాషలో చిన్న ఆర్‌ఎన్‌ఏ డేటా విశ్లేషణ, క్రిస్పర్‌తో ఒక్క అక్షరం మార్చడం, ఆగో2 క్లిప్ లాంటి ఆర్‌ఎన్‌ఏ-ప్రొటీన్ పద్ధతి, ఈ మూడూ చేతికొస్తే పోస్ట్‌డాక్‌కు క్యాన్సర్ జీనోమిక్స్ ల్యాబ్‌కైనా, ఆలిగో మందుల కంపెనీకైనా, డయాగ్నస్టిక్ పరీక్షల వైపైనా వెళ్లగలరు. పోస్ట్‌డాక్‌లో మైక్రో ఆర్‌ఎన్‌ఏను పక్కన పెట్టి జబ్బును పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. జబ్బు బాగా తెలిసినవారికి పనిముట్టు మార్చుకోవడం తేలిక.

ఇప్పటికి రాబోయే ఆరు వారాలు ఇలా వాడండి. మొదటి వారం మిర్‌జీన్‌డీబీ, టీసీజీఏ. రెండో వారం ఉన్న ఆర్‌ఎన్‌ఏ ఏ కాలమ్‌తో తీశారో నోట్‌బుక్‌లో వెతకండి. చిన్నవి పోయే కాలమ్ అయితే మళ్లీ తీయక తప్పదు. మూడు, నాలుగు వారాల్లో స్థిరమైన రెఫరెన్సులు ఎంచుకుని అదే కొలత మళ్లీ చేయండి. మిగతా రెండు వారాలు ఇన్ సిటూకు. ఆరు జతల కణితి, పక్కనున్న మామూలు కణజాలం పారాఫిన్ బ్లాక్‌లు చాలు, మైక్రో ఆర్‌ఎన్‌ఏ పారాఫిన్‌లో ఏళ్ల తరబడి నిలుస్తుంది. స్లైడ్ మీద రంగు ఏ కణాల్లో పడిందో చెప్పండి. ఎపిథీలియంలోనా, చుట్టుపక్కల స్ట్రోమాలోనా అన్నదాన్ని బట్టి టార్గెట్ ఎక్కడ వెతకాలో మాట్లాడుకుందాం.